పెట్రోలు ఇల్లా, డీజిల్ ఇల్లా? సుంకి ఘాటీ మీద మోటార్‌హోమ్ లెక్క

ఒడిశాలోని కోరాపుట్ నుంచి ఆంధ్రలోని సాలూరు వైపు 26వ నంబరు జాతీయ రహదారిలో సుంకి ఘాటీ దిగే లోడు లారీల తీరు చూడాలి. వాలు మొదలుకాకముందే డ్రైవరు గేరు దించేస్తాడు. ఎక్కడానికి ఏ గేరు కావాల్సి వచ్చిందో దిగడానికీ దాదాపు అదే. ఎగ్జాస్ట్ బ్రేకు బుస్సుమంటూ ఉంటుంది, కాలి బ్రేకు అప్పుడప్పుడే పడుతుంది. పైన టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు క్లీనరు దిగి టైర్లన్నీ తట్టి చూసి వస్తాడు కూడా. న్యూట్రల్‌లో దొర్లించి కాస్త డీజిల్ మిగుల్చుకుందామనుకున్న బండి చివరికి ఎక్కడ తేలుతుందో ఆ దారిన తిరిగేవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మోటార్‌హోమ్, అంటే పడకా వంటిల్లూ ఉన్న చక్రాల మీది ఇల్లు, మాట వచ్చేసరికి మాత్రం ఈ తెలివంతా పక్కకు పోతుంది. "డీజిలైతే ఘాటీ బాగా లాగుతుంది" అనడంతో చర్చ ముగిసిపోతుంది. ఎలా దిగుతుంది, పక్కగాలికి ఎలా నిలబడుతుంది, మూడు వానాకాలాలు గడిచాక కప్పు కారుతుందా అన్నవి ఎవరూ అడగరు. బండి కొన్నాక పీక్కుతినేవి మాత్రం ఇవే.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళకు ఈ చర్చ రెండు దారుల్లో వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని ఊళ్ళు తిరగడం ఒకటి. ఇక్కడే ఒక వ్యానును క్యారవాన్‌గా కట్టించుకుని దారింగిబాడి, దేవమాలి, గోపాల్‌పూర్ చుట్టివద్దామన్న ఆలోచన రెండోది. మొదటిదాంట్లో విన్న మాటలు తెచ్చి రెండోదానికి అంటించడంతో సగం గందరగోళం పుడుతోంది. అందుకే ముందు అమెరికా బండ్ల సంగతి తేల్చుకోవాలి.

అక్కడ 'గ్యాస్' అంటే గ్యాసొలీన్, అంటే మన పెట్రోలు. గ్యాస్ మోటార్‌హోమ్ అనగానే ఇక్కడ మనసులో సీఎన్‌జీ సిలిండరు మెదులుతుంది కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. బండ్లు మూడు తరగతులు. బస్సులా ముందు చదునుగా ఉండి మొత్తం కొత్తగా కట్టిన పెద్దది క్లాస్-ఎ. వ్యాను ముందు భాగం అలాగే ఉంచి వెనక ఇల్లు కట్టి, డ్రైవరు నెత్తి మీద ఒక పడక వేసింది క్లాస్-సి. వ్యాను లోపలే ఇల్లంతా సర్దింది క్లాస్-బి. పెట్రోలు, డీజిల్ తగువు ఎక్కువగా నడిచేది క్లాస్-ఎ దగ్గర.

క్లాస్-ఎ పెట్రోలు బండ్లలో దాదాపు అన్నిటి కిందా ఉండేది ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న కింది చట్రం. ఒకప్పుడు 6.8 లీటర్ల వి-10 ఇంజను ఉండేది, ఇప్పుడు 7.3 లీటర్ల వి-8. ఇంజను ముందు, డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య ఒక గూడు కింద ఉంటుంది. పాత లారీలో బానెట్ పక్కన కూర్చుని ప్రయాణం చేసినవాళ్ళకు ఆ వేడీ, ఆ మోతా కొత్త కాదు. బరువు మోసి కుదుపులు ఆపేవి ముందూ వెనకా కమాను పట్టీలే. బ్రేకులు నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకులు. డీజిల్ క్లాస్-ఎ కింద చాలావరకు ఫ్రైట్‌లైనర్ లేదా స్పార్టన్ ఛాసిస్ ఉంటుంది. కమిన్స్ ఇంజను వెనక ఉండి బండిని తోస్తుంది, అందుకే వాడుకలో దాని పేరు 'పుషర్'. ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, కమాను పట్టీల బదులు గాలి బెలూన్లు, ఎయిర్ బ్రేకులు. మన ఊళ్ళ మధ్య తిరిగే వోల్వో ఏసీ బస్సు ఎక్కి వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు పుషర్‌ను సగం చూసినట్టే.

అంటే పెట్రోలు, డీజిల్ అని పోల్చినప్పుడు నిజానికి పోలుస్తున్నది ఇంజను ఎక్కడుంది, బరువును కమాను మోస్తోందా బెలూను మోస్తోందా, ఆపేది నూనా గాలా అన్నవి. ఇంధనం వీటన్నిటికీ అతికించిన చీటీ మాత్రమే. వెనక ఇంజను, గాలి బెలూన్లు ఉన్న పెట్రోలు బండి విరివిగా దొరికి ఉంటే ఈ తగువు సగానికి సగం ఉండేది కాదు. డీజిల్ బండి ఎక్కినవాళ్ళు మెచ్చుకునే నిశ్శబ్దం డీజిల్‌ది కానే కాదు. అదే ఇంజను ముందుంటే పెట్రోలుకన్నా పెద్ద గోల చేస్తుంది. అది పది మీటర్ల వెనక ఉంది కాబట్టి వినపడదు, అంతే.

చిలికా గాలి

రంభ నుంచి బాలుగావ్ దాకా 16వ నంబరు రహదారి చిలికా సరస్సు పక్కనే సాగుతుంది. చదునైన రోడ్డు, నాలుగు వరసలు, నడపడానికి హాయి అనిపిస్తుంది. వానలకు ముందు రోజుల్లో సరస్సు మీదుగా వీచే గాలి తగిలినప్పుడు మాత్రం పొడవాటి బండి గుణం బయటపడుతుంది. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు అంటే పక్కన 30 చదరపు మీటర్ల గోడ. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో ఒక్క విసురు ఆ గోడను తాకితే దాదాపు 400 కిలోల బరువుతో పక్కకు నెట్టినట్టు. విసురు ఆగగానే ఆ నెట్టుడూ ఆగుతుంది, అప్పటికి స్టీరింగు గాలికి ఎదురుగా తిప్పి ఉన్న డ్రైవరు రెండోవైపుకు జారతాడు. పెద్ద కంటెయినరు పక్కనుంచి దూసుకుపోయినా ఇదే కథ: ముందు తోపు, వెంటనే లాగుడు.

ఇక్కడ డీజిల్ పుషర్‌కు మేలు ఉంది. బరువు ఎక్కువ, ఆ బరువులో పెద్ద భాగం కిందనే ఉంటుంది, గాలి బెలూన్లకు తోడు బండి పక్కకు ఒరగకుండా పట్టే వెడల్పాటి యాంటీ రోల్ కడ్డీలు ఉంటాయి. ఎఫ్-53 మీద కట్టిన బండి కొత్తలో కొంచెం ఊగులాడుతుందన్న ఫిర్యాదు పాతది. దానికి కొనుక్కున్నవాళ్ళు చేయించుకునే మందులూ పాతవే: వెనక ఇరుసు పక్కకు కదలకుండా ట్రాక్ బార్, బలమైన యాంటీ రోల్ కడ్డీ, స్టీరింగు స్టెబిలైజరు, మంచి షాక్ అబ్జార్బర్లు. వీటితో నడక నిజంగానే మారుతుంది. బెలూన్ల మెత్తదనం మాత్రం రాదు. గుంతల రోడ్డు మీద కప్పూ సాసర్లూ మోగుతూనే ఉంటాయి.

ఇంధనంకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, చాలామంది అడగరు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మొత్తం పొడవులో ఎంత? సగానికి తక్కువైతే బండి గాలికి గాలిపటమే. 54, 55 శాతం దాటితే సరళంగా నడుస్తుందని అనుభవజ్ఞుల లెక్క. పదకొండు మీటర్ల పొడవున్న బండికి ఇరుసుల మధ్య ఆరు మీటర్లుంటే బాగున్నట్టు. ఐదే ఉంటే వెనక చక్రాల తర్వాత పొడవాటి తోక వేలాడుతోందన్నమాట. ఆ తోకలో మంచం, అల్మారా, నీళ్ళ ట్యాంకు పెట్టి ఉంటారు. ఆ బరువు వెనక ఇరుసును ఇరుసుగా కాక త్రాసు మొనలా వాడుకుని ముందు చక్రాలను పైకి లేపుతుంది. స్టీరింగు తేలికైపోయిందని డ్రైవరు మురిసిపోతే అది చక్రాలకు నేల సరిగా అందడం లేదని అర్థం. ఇరుసుల మధ్య దూరం తక్కువున్న డీజిల్ బండికన్నా ఆ దూరం ఎక్కువున్న పెట్రోలు బండి హైవే మీద బుద్ధిగా నడుస్తుంది. తోక విషయంలో మన చట్టానికి కొంత పట్టింపు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక వేలాడే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం దాటకూడదు.

మలుపుల్లో లెక్క కొంచెం తారుమారవుతుంది. పుషర్‌కు ముందు ఇంజను అడ్డు లేదు కాబట్టి ముందు చక్రాలు 50 డిగ్రీలు దాటి తిరుగుతాయి. అంత పొడుగు బండి అంత చిన్న చోట తిరగడం చూస్తే ఆశ్చర్యమే. దాని తోక కూడా అంతే చురుగ్గా రెండోవైపుకు విసురుతుంది. బరంపురం పాత బజారులాంటి చోట కుడికి కట్ కొడితే ఎడమపక్క స్కూటరు, దాని పక్క అరటిపళ్ళ బండి రెండూ పోతాయి. అయినా క్లాస్-ఎ బండిని అలాంటి వీధిలోకి తెచ్చినవాడిని ముందు అనాలి.

ఎక్కడం

డీజిల్ లాగుడు మాట అబద్ధం కాదు. 7.3 లీటర్ల ఫోర్డ్ వి-8 టార్క్, అంటే తిప్పే బలం, ఎఫ్-53లో సుమారు 630 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గరికి చేరినప్పుడు. 360 హార్స్ పవర్ ఇచ్చే 6.7 లీటర్ల కమిన్స్ ఇంజనుది 1,080కి పైన, అదీ దాదాపు సగం చుట్లకే. తొమ్మిది లీటర్ల కమిన్స్ దగ్గరికి వెళితే 1,700 దాకా పోతుంది. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు ఇంజను గేర్లు దించుకుంటూ అరుస్తుంది, డీజిల్ గొణుక్కుంటూ పోతుంది. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకు పదోవంతు బలం పోగొట్టుకుంటుంది. 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో ఇది పెద్దగా తెలియదు. 1,672 మీటర్ల దేవమాలి దగ్గర ఆరోవంతు పోయిందంటే తెలుస్తుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఈ బాధ దాదాపు లేదు.

ఇంత తేడా మన ఘాటీల్లో పనికొచ్చేది ఎంత? పది టన్నుల బండి నూటికి ఆరు వాలున్న రోడ్డు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 100 హార్స్ పవర్‌కు కాస్త పైన చాలు. పెట్రోలు వి-8 దగ్గర దానికి మూడు రెట్లకు మించి ఉంది. జయపురం ఘాటీలోనో దారింగిబాడి ఘాటీలోనో 40కి మించి పోనివ్వనిది హెయిర్‌పిన్ మలుపు, ఎదురొచ్చే బస్సు, రోడ్డు మీద తీరిగ్గా పడుకున్న ఆవు. ఇంజను కాదు. అమెరికా ఇంటర్‌స్టేట్ హైవే మీద అదే వాలు గంటకు 100 కిలోమీటర్లతో ఎక్కాలంటే, గాలి తోపు లెక్కలోకి రాకముందే, 250 హార్స్ పవర్ అవసరం. రాకీ పర్వతాల్లో వెనక కారు కట్టుకుని లాగేవాళ్ళు డీజిల్‌కు వేసే ఓటు అక్కడ న్యాయమే. ఆ ఓటును ఇక్కడికి మోసుకురావడంలోనే పొరపాటు.

దిగడం

అసలు పరీక్ష ఇది. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంటే సాలూరు 120 మీటర్ల దగ్గర ఉంది. పది టన్నుల బండి ఈ 750 మీటర్లు దిగేటప్పుడు వదిలే శక్తి రెండు లీటర్లకు పైగా పెట్రోలు పూర్తిగా మండితే పుట్టే వేడితో సమానం. కొంత టైర్ల రాపిడికీ గాలికీ పోతుంది. మిగిలినదాన్ని ఇంజను మింగకపోతే బ్రేకు డిస్కులే మింగాలి. నాలుగు ఇనుప పళ్ళేల మీద రెండు లీటర్ల పెట్రోలు పోసి అంటించినట్టు ఊహిస్తే, ఘాటీ కింద కాలిన వాసన ఎందుకొస్తుందో తెలుస్తుంది.

ఇక్కడొక వింత ఉంది. ఏ అదనపు పరికరమూ లేకుండా చూస్తే దిగుడులో బండిని పట్టి ఉంచేది పెట్రోలు ఇంజనే. యాక్సిలరేటర్ వదిలేయగానే దాని గాలిదారి మూసుకుంటుంది, పిస్టన్లు ఖాళీని పీలుస్తూ బండిని వెనక్కు లాగుతాయి. డీజిల్ ఇంజనులో అలా మూసే తలుపు ఉండదు. పిస్టను గాలిని నొక్కుతుంది, ఆ నొక్కిన గాలే స్ప్రింగులా దాన్ని మళ్ళీ కిందికి తోసేస్తుంది. ఇచ్చినదాన్ని తీసేసుకున్నట్టు. అందుకే డీజిల్‌కు పొగగొట్టం దగ్గర అడ్డుపెట్టే ఎగ్జాస్ట్ బ్రేకో, నొక్కిన గాలిని పైనే వదిలేసే కంప్రెషన్ బ్రేకో విడిగా కావాలి. పుషర్ల మీద 6.7 లీటర్ల కమిన్స్‌కు టర్బోతోనే పనిచేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది, పెద్ద ఇంజన్లకు కంప్రెషన్ బ్రేకు ఉంటుంది. వాటితో కలిపి లెక్కేస్తే డీజిల్ చాలా ముందుంటుంది. కాలు బ్రేకు మీద పెట్టకుండా కొండ దిగొచ్చు. అవి లేని, పనిచేయని సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండి పెట్రోలు బండికన్నా ప్రమాదం.

పెట్రోలు బండిలో ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు టో-హాల్ అనే మీట ఉంటుంది. అది నొక్కి బ్రేకు ఒకసారి గట్టిగా తాకితే గేర్‌బాక్సు తనంతట తానే గేరు దించుతుంది. ఇంజను నాలుగు వేలు, అయిదు వేలు చుట్లు తిరుగుతూ కేకలు పెడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు హడలిపోయి "ఇంజను పేలిపోతుందేమో, గేరు మార్చు" అంటారు. మార్చకూడదు. ఆ కేక ఇంజను బ్రేకు పని చేస్తున్నదనడానికి గుర్తు. అమెరికాలో మొదటిసారి మోటార్‌హోమ్ నడిపే మనవాళ్ళు ఈ ఒక్క మీట సంగతి తెలుసుకుంటే చాలు, మిగతా హంగులన్నీ తర్వాత.

నూనె బ్రేకుకు మరో శత్రువు తేమ. బ్రేకు ఆయిల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్త నూనె 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పీల్చాక 140 దగ్గరే. డాట్-4కు ఈ అంకెలు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగ పుడితే పెడలు స్పాంజిలా కిందికి పోతుంది, బ్రేకు పట్టదు. గోపాల్‌పూర్ సముద్రపు గాలిలో ఏడాది పొడుగునా నిలబడి ఉండే బండికి రెండేళ్ళకోసారి ఈ నూనె మార్చడం చాదస్తం కాదు. ఎయిర్ బ్రేకుకు మరిగే బెడద లేదు. గాలి పూర్తిగా పోయినా స్ప్రింగులు వచ్చి చక్రాలను పట్టేస్తాయి. పదే పదే తొక్కితే గాలి అయిపోవడం, డ్రమ్ములు వేడెక్కడం దానికీ తప్పవు.

ఇల్లు కట్టేది వేరే చెయ్యి

కట్టుబడి నాణ్యం మాటకొస్తే డీజిల్ ఇల్లు గట్టిది, పెట్రోలు ఇల్లు డొల్ల అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఛాసిస్ వరకు అది సరే. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు లారీలకు చేసినవి, లక్షల మైళ్ళ కోసం లెక్కవేసినవి. దాని మీద కూర్చునే ఇంటిని మాత్రం ఫోర్డూ కట్టదు, ఫ్రైట్‌లైనరూ కట్టదు. మోటార్‌హోమ్ కంపెనీ ఖాళీ ఛాసిస్ తెచ్చుకుని తన షెడ్డులో కడుతుంది. మన లారీ ఛాసిస్ విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళి బాడీ కట్టించుకున్నట్టే. అమెరికాలో ఈ పనికి ఆటోనగర్ లాంటి ఊరు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్. విన్నెబాగో, టిఫిన్ లాంటి కంపెనీలు పెట్రోలు బండ్లూ కట్టాయి, డీజిల్ బండ్లూ కట్టాయి. కింద ఏ ఇంజను ఉందో గోడకు జిగురు పూసే మనిషికి పట్టదు.

మరి డీజిల్ బండి లోపల టేకు రంగు అల్మారాలు, పింగాణీ నేల, మందపాటి తలుపులు ఎందుకు కనిపిస్తాయి? ఒక కారణం ధర. లక్ష డాలర్లు ఎక్కువ పెట్టేవాడికి ప్లాస్టిక్ తలుపు చూపించలేరు. ఇంకో కారణం బరువు, దీని గురించి తక్కువ మాట్లాడతారు. ఎఫ్-53 ఛాసిస్ మొత్తం బరువు పరిమితి రకాన్ని బట్టి ఏడు టన్నుల పైచిలుకు నుంచి 11.8 టన్నుల దాకా. పెద్ద పుషర్లు 15 టన్నులు దాటి, మూడో ఇరుసుతో ఇంకా పైకి పోతాయి. పింగాణీ పలకలు మోసే ఒంట్లో ఓపిక ఉంటేనే కదా వేసేది. పెట్రోలు ఛాసిస్ మీద ఇల్లు కట్టేవాడు ప్రతి కిలో లెక్క చూసుకోవాలి, పలచటి ప్లై, తేలిక అల్మారా వాడాలి. అది అన్నిసార్లూ నాసిరకం కాదు. తేలిగ్గా కట్టి గట్టిగా బిగించిన ఇల్లు బరువుగా కట్టి వదులుగా బిగించినదానికన్నా మేలు.

అక్కడి బండ్లలో డ్రైవరు దగ్గరగానో గుమ్మం దగ్గరో ఒక పసుపు రంగు చీటీ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంకా ఎంత మోయొచ్చో అందులో రాసి ఉంటుంది. కొన్ని మెరిసే పెట్రోలు బండ్లలో ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది. నీళ్ళ ట్యాంకు నింపితేనే 300 కిలోలు, నలుగురు మనుషులు మరో 280. మనవాళ్ళు ఎక్కితే ఆవకాయ జాడీలు, ప్రెషర్ కుక్కర్లు, బియ్యం మూట వేరు. చీటీ మీది అంకె అక్కడికే అయిపోతుంది. దాటితే పోయేది ముందు టైరు, తర్వాత బ్రేకు, ఆ తర్వాతే ఇల్లు.

ఇంటికి అసలు శత్రువు నీరు. ఈ తరహా గోడ ఒక శాండ్‌విచ్: లోపల అల్యూమినియం చట్రం, మధ్య థర్మోకోల్ లాంటి నురగ, రెండువైపులా పలచటి ప్లై, బయట ఫైబర్‌గ్లాసు, అన్నీ జిగురుతో అతికించి ఒత్తినవి. కప్పు అంచునో కిటికీ మూలనో సీలు పగిలి ఒక్క దారం నీరు దిగితే ప్లై ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది, ఫైబర్ షీటు అప్పడంలా లేస్తుంది. ఆ దశకు వచ్చాక బాగుచేయడం కొత్త గోడ కట్టడమే. కప్పు మీద రబ్బరు పరచిన బండికన్నా ఒకే ముక్క ఫైబర్‌గ్లాసు కప్పుకు బెంగ తక్కువ. అలాంటి కప్పు ఖరీదైన డీజిల్ బండ్లలో ఎక్కువ కనిపిస్తుంది, కొన్ని మంచి పెట్రోలు బండ్లలోనూ ఉంటుంది. గోడలోంచి బయటకు జరిగే గదులు ఎన్ని ఉంటే అన్ని కారే చోట్లు. ఒడిశా తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానకు, అక్టోబరులో వచ్చే తుపానుకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. ఉప్పుగాలిలో ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తాకే చోట అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. రివెట్ కొట్టే ముందు మధ్యలో రబ్బరు వాషరు పెట్టాడా లేదా అన్నది ఇంజను రకంకన్నా పెద్ద ప్రశ్న.

ఇక్కడ కట్టించుకుంటే

మన దగ్గర ఈ పోలిక వేరే రూపం ఎత్తుతుంది. పెద్ద క్యారవాన్‌కు పెట్రోలు ఛాసిస్ అన్నదే లేదు, డీజిల్ ఒక్కటే దారి. పెట్రోలు దొరికేది మారుతి ఈకో లాంటి చిన్న వ్యానులో. 1.2 లీటర్ల ఇంజను, సుమారు 80 హార్స్ పవర్, వెనక చక్రాల డ్రైవ్. ఇద్దరు పడుకునే మంచం, ఒక పొయ్యి, కింద నీళ్ళ డబ్బా. అంతవరకు అది ముద్దుగానే ఉంటుంది. దాని నెత్తిన టెంటు, పక్కన గొడుగు, వెనక 100 లీటర్ల ట్యాంకు పెట్టి తప్తపాణి ఘాటీ ఎక్కిస్తే ఫస్ట్ గేరే దిక్కు.

డీజిల్ వ్యాన్లలో అసలు తేడాలు ఇంధనంలో లేవు. ఫోర్స్ ట్రావెలర్‌కూ ఫోర్స్ అర్బేనియాకూ ఇంజను ఒకటే: 2.6 లీటర్లు, 115 హార్స్ పవర్, 350 న్యూటన్ మీటర్లు. అయినా నడకలో పోలికే లేదు. అర్బేనియాది చట్రమూ బాడీ కలిపి ఒకటిగా చేసిన కట్టుబడి, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్. మలుపులో అది కారుకు దగ్గరగా నడుస్తుంది. ట్రావెలర్ అంత నాజూకుగా నడవదు కానీ రాయగడలోనైనా గుణుపురంలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. అడవి దారిలో ఆగిపోయినప్పుడు ఈ లెక్క చాలా పెద్దది. టాటా వింగర్ ఇంకో జాతి: 2.2 లీటర్లు, సుమారు 100 హార్స్ పవర్, ముందు చక్రాల డ్రైవ్. కింద పొడుగు షాఫ్టు లేదు కాబట్టి నేల కిందికి ఉంటుంది, బరువు కిందికి దిగుతుంది, మలుపులో ఊగుడు తక్కువ. అదే బండి తడిసిన ఘాటీ ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కు జారి, తిప్పాల్సిన ముందు చక్రాలు తేలికై గిర్రున జారొచ్చు. మంచం వెనక, నీళ్ళ ట్యాంకు కూడా వెనకే పెట్టించుకుంటే ఇది ఖాయం. ట్యాంకును ముందుకు, డ్రైవరు సీటు వెనకాలకు జరిపిస్తే సగం బాధ తీరుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటార్ క్యారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆమోదం ఉన్న కట్టుబడిదారు దగ్గర చేయించిన బండికి పదిమంది అడిగినా చూపించడానికి కాగితం ఉంటుంది. వీధి చివర షెడ్డులో వెల్డింగ్ చేయించినదానికి బీమా డబ్బులు అవసరమైన రోజున తెలుస్తుంది.

వాడకం తీరును బట్టి కూడా ఇంధనం ఎంచుకోవాలి. ఏడాదికి రెండుసార్లు కదిలి, మిగతా రోజులు ఇంటిముందు గుడ్డ కప్పుకునే బండికి డీజిల్ గొప్ప అంత గొప్ప కాదు. బీఎస్-6 డీజిల్ పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద నిలకడగా పోయినప్పుడే అందులో మసి కాలిపోతుంది. ఊళ్ళో కూరగాయలకు, స్టేషనుకు తిప్పితే అది పూడుకుపోయి డ్రైవరు ముందు హెచ్చరిక దీపం వెలుగుతుంది. పెట్రోలుకు ఆ గోల లేదు, కానీ ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్. నెలల తరబడి నిలవ ఉంటే తేమ పీలుస్తుంది. ఏదైనా సరే, పదిహేను రోజులకోసారి ఇంజను ఊరికే స్టార్ట్ చేసి పెట్టడంకన్నా ఒకసారి ఛత్రపూర్ దాకా వెళ్ళిరావడం బండికి మంచిది.

కట్టుబడి పూర్తయ్యాక బాకీ తీర్చేముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పట్టేది అరగంట. నీళ్ళు, సిలిండరు, సామాను, మనుషులు అందరూ ఎక్కిన బండిని హైవే పక్క వేబ్రిడ్జి దగ్గరికి తీసుకెళ్ళాలి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ, మొత్తం బండి ఎక్కించి రెండో చీటీ. రెండిటి తేడా వెనక ఇరుసు మోస్తున్న బరువు. ఆ అంకెల్ని ఛాసిస్ పలక మీద ఒక్కో ఇరుసుకు ఇచ్చిన పరిమితితో పోల్చాలి. వెనకది దాటితే ట్యాంకో, బ్యాటరీలో ముందుకు జరగాలి. ఆ పని చేయాల్సింది కట్టినవాడే, డబ్బు ఇంకా చేతిలో ఉన్నప్పుడే అడగాలి. టైరులో గాలి కూడా ఈ చీటీ చూసి కొట్టించాలి, పంక్చరు కొట్టువాడి అందాజుకు వదిలేయకూడదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. సెకండ్‌హ్యాండ్ బండిలో ఆ చివరి రెండంకెలు ఏడేళ్ళ వెనకవైతే, పువ్వులు అరగకుండా కొత్తవాటిలా మెరుస్తున్నా సరే, టైర్లు మార్చాకే సుంకి వైపు తిప్పాలి.